బకాయి తీరవచ్చు, బడి ఈడు తిరిగి రాదు: ప్రభుత్వ నిధుల కోత ఎవరి దాకా చేరుతుంది?

తమిళనాడులో 2025 జూన్‌లో పాఠశాలలు యథావిధిగా తెరుచుకున్నాయి. ప్రైవేటు పాఠశాలల్లో బలహీన వర్గాల పిల్లలకు విద్యాహక్కు చట్టం కేటాయించిన 25 శాతం సీట్లలో మాత్రం ప్రవేశాలు మొదలు కాలేదు. వేసవిలోనే పూర్తి కావలసిన ఆ ప్రక్రియ అక్టోబరులో గానీ ప్రారంభం కాలేదు. కేంద్రం నుంచి రావలసిన నిధులు రాలేదని రాష్ట్రం చెప్పింది. కుదుర్చుకోవలసిన ఒప్పందంపై రాష్ట్రం సంతకం చేయలేదని కేంద్రం చెప్పింది. కేంద్రం విద్యాహక్కు వాటాను విడుదల చేశాక ప్రవేశాలకు దారి తెరుచుకుంది.

ఈ వివాదంలో ఎవరి వాదన సరైనదన్న ప్రశ్నను కాసేపు పక్కన పెడితే, మరో ప్రశ్న మిగులుతుంది. ఈ సీట్లు ప్రవేశ తరగతిలో, అంటే పూర్వ ప్రాథమిక స్థాయిలోనో ఒకటో తరగతిలోనో మాత్రమే ఉంటాయి. జూన్‌లో సీటు కోసం ఎదురుచూసిన కుటుంబం అక్టోబరు వరకు పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెట్టలేదు. ఆగిన నిధులు ఏనాటికైనా విడుదల కావచ్చు, బకాయిలు వడ్డీతో సహా తేల్చుకోవచ్చు. ఆ పిల్లవాడికి ఒకటో తరగతి ఈడు మాత్రం ఒక్కసారే వస్తుంది.

ప్రభుత్వ నిధుల కోత గురించి జరిగే చర్చ సాధారణంగా కోట్ల రూపాయల లెక్కల చుట్టూ తిరుగుతుంది. ఎంత తగ్గింది, ఎవరు తగ్గించారు అన్నవే అందులో ప్రధానాంశాలు. కోత ఏ రూపంలో వస్తుంది, గొలుసులో ఏ కొస వద్ద ఆగుతుంది, ఆ కొసన ఉన్నవారు ఏమి కోల్పోతారు అన్నవి అంతగా చర్చకు రావు. గత పదేళ్లలో దేశంలోనూ పొరుగునా జరిగిన కొన్ని పరిణామాలు ఈ ప్రశ్నలకు సమాధానం చెబుతాయి.

కోత అనే మాట కనిపించని కోతలు

బడ్జెట్ పత్రాల్లో ‘కోత’ అనే పదం అరుదు. ఒక పథకాన్ని మరో పథకంలో విలీనం చేస్తారు. అర్హత నిబంధనలను సవరిస్తారు. షరతు నెరవేరేదాకా విడుదలను నిలిపివేస్తారు. ఏళ్ల తరబడి ఒకే మొత్తాన్ని కొనసాగిస్తారు. లేదా బాధ్యతను మరో ప్రభుత్వానికి బదిలీ చేస్తారు. పాలనాపరంగా ఈ నిర్ణయాల్లో ప్రతి ఒక్కదానికీ ఒక సమర్థన ఉంటుంది. లబ్ధిదారుడి వద్దకు వచ్చేసరికి వీటన్నింటి ఫలితం ఒక్కటే: నిన్నటి వరకు అందిన సాయం ఇవాళ అందదు, లేదా దాని విలువ తగ్గిపోతుంది.

షరతు వద్ద ఆగిన నిధులు

సమగ్ర శిక్ష 2018లో ఆరంభమైంది. సర్వ శిక్షా అభియాన్, రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య పథకాలను కలిపి దీనిని రూపొందించారు. చాలా రాష్ట్రాల్లో ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. 2024–25లో తమిళనాడుకు రావలసిన కేంద్ర వాటా సుమారు 2,152 కోట్ల రూపాయలు.

14,500 పాఠశాలలను ఆదర్శ పాఠశాలలుగా తీర్చిదిద్దేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 సెప్టెంబరులో పీఎం శ్రీ పథకాన్ని ఆమోదించింది. ఇందులో చేరే రాష్ట్రాలు జాతీయ విద్యా విధానం–2020ను అమలు చేస్తామని అంగీకరిస్తూ అవగాహన ఒప్పందం కుదుర్చుకోవాలి. త్రిభాషా సూత్రాన్ని వ్యతిరేకించే తమిళనాడు అందుకు నిరాకరించింది. సమగ్ర శిక్ష నిధులు ఈ ప్రతిష్టంభనలో చిక్కుకున్నాయి. వడ్డీతో కలిపి సుమారు 2,291 కోట్ల రూపాయలు ఇప్పించాలని కోరుతూ రాష్ట్ర ప్రభుత్వం 2025 మేలో సుప్రీంకోర్టులో దావా వేసింది. విద్యాహక్కు చట్టం కింద చెల్లించవలసిన వాటాను సమగ్ర శిక్షతో ముడిపెట్టనవసరం లేదని మద్రాసు హైకోర్టు అదే ఏడాది జూన్‌లో పేర్కొంది. కేంద్ర నిధులు రాలేదన్న కారణంతో రాష్ట్రం కూడా తన చట్టబద్ధ బాధ్యత నుంచి తప్పుకోజాలదని అదే ఉత్తర్వులో స్పష్టం చేసింది.

నిధులు ఆగినా బడి తలుపులు మూతపడవు. రెగ్యులర్ ఉపాధ్యాయుల జీతాలు ప్రధానంగా రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. సమగ్ర శిక్ష నిధులతో నడిచేవి వేరు. దివ్యాంగ విద్యార్థులకు బోధించే ప్రత్యేక ఉపాధ్యాయులు, మండల స్థాయి వనరుల కేంద్రాల సిబ్బంది, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, దూరప్రాంతాల పిల్లలకు రవాణా భత్యం, బడి మానేసినవారికి ప్రత్యేక శిక్షణ, ప్రైవేటు పాఠశాలలకు చెల్లించవలసిన 25 శాతం సీట్ల ఫీజు వంటివి ఈ పద్దు కిందకు వస్తాయి.

అందువల్ల నిధుల నిలిపివేత పిల్లలందరినీ సమానంగా తాకదు. తల్లిదండ్రులకు చదువు, ఆదాయం ఉన్న ఇంటి పిల్లవాడికి తేడా దాదాపు తెలియదు. ఫిజియోథెరపీ సాయం లేనిదే బెంచీపై కూర్చోలేని బాలికకు, బస్సు ఛార్జీ లేనిదే హైస్కూలుకు వెళ్లలేని తండా విద్యార్థికి అదే సాయం చదువుకు ఆధారం. సాధారణ పాఠశాల అందుకోలేని పిల్లల కోసం ఏర్పడిన అదనపు అంచె ముందుగా బలహీనపడుతుంది.

అర్హత కుదింపు

మైనారిటీ విద్యార్థుల ప్రీ–మెట్రిక్ ఉపకార వేతనం 2008లో ఆరంభమైంది. తల్లిదండ్రుల వార్షికాదాయం లక్ష రూపాయలకు మించని కుటుంబాల పిల్లలకు 1 నుంచి 10వ తరగతి వరకు దీనిని ఇచ్చేవారు. 2022–23 నుంచి దీనిని 9, 10 తరగతులకు పరిమితం చేశారు. విద్యాహక్కు చట్టం 8వ తరగతి వరకు ఉచిత విద్యను అందిస్తున్నందున కింది తరగతులకు వేరుగా ఉపకార వేతనం అక్కరలేదని కేంద్రం వివరించింది. 2022–23 బడ్జెట్ అంచనాల్లో 1,425 కోట్ల రూపాయలుగా ఉన్న కేటాయింపు 2023–24లో 433 కోట్లకు తగ్గింది. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కూడా ఇతర ఫెలోషిప్‌లతో పునరావృతమవుతోందన్న కారణంతో 2022 డిసెంబరులో నిలిపివేశారు.

ఉచిత విద్య అనే మాట ఫీజుకు వర్తిస్తుంది. నోటు పుస్తకాలు, చెప్పులు, సంచీ, బస్సు ఛార్జీ, జ్వరం వచ్చినప్పుడు మందులు ఆ మాటలోకి రావు. కింది తరగతుల ఉపకార వేతనం మొత్తంగా చూస్తే చిన్నదే. అయితే దినసరి కూలీ ఇంట్లో పిల్లలను బడిలో ఉంచాలా, పనికి పంపాలా అన్న నిర్ణయం తరచు అటువంటి చిన్న మొత్తాల వద్దే తేలుతుంది. పైగా ఈ మార్పు విద్యా సంవత్సరం ఆరంభానికి ముందు రాలేదు. పాఠశాలలు దరఖాస్తులు స్వీకరించి, ధ్రువపత్రాలు సేకరించిన తరువాత 2022 నవంబరులో తెలిసింది. ఆదాయ ధ్రువపత్రం కోసం కూలి పని మానుకొని కార్యాలయాల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులకు ఆ రోజుల కూలి కూడా నష్టమే.

విలీనంలో పలుచబడిన లక్ష్యం

జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు 1988లో మొదలైంది. పని నుంచి విముక్తి పొందిన 9–14 ఏళ్ల పిల్లలను ప్రత్యేక శిక్షణ కేంద్రాల్లో చేర్చి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి, సాధారణ పాఠశాలలకు పంపడం దీని ఉద్దేశం. జిల్లా స్థాయిలో కలెక్టరు ఆధ్వర్యంలోని సంఘం దీనిని పర్యవేక్షించేది. అనేక చోట్ల కేంద్రాలను నడిపినవి స్థానిక స్వచ్ఛంద సంస్థలే. పిల్లలకు భోజనం, వృత్తి శిక్షణ, వైద్య పరీక్షలతోపాటు నెలకు 400 రూపాయల స్టైపెండ్ ఉండేది.

2021 ఏప్రిల్ 1 నుంచి ఈ ప్రాజెక్టును సమగ్ర శిక్షలో విలీనం చేశారు. 2021–22 బడ్జెట్‌లో 120 కోట్ల రూపాయలుగా ఉన్న కేటాయింపు మరుసటి ఏడాది 30 కోట్లకు తగ్గింది. బడికి దూరమైన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఒకే పనిని రెండు మంత్రిత్వ శాఖలు చేయనవసరం లేదన్న వాదనలో హేతువు ఉంది.

అయితే బడికి దూరమైన పిల్లలందరి పరిస్థితి ఒకటి కాదు. ఇటుక బట్టీలోనో, బీడీల ఇంట్లోనో, దుకాణంలోనో పని చేసే పిల్లవాడు బడిలో చేరితే ఇంటికి ఆదాయం తగ్గుతుంది. అతడిని బడికి తేవాలంటే యజమానితో మాట్లాడాలి, తల్లిదండ్రులను ఒప్పించాలి, మళ్లీ పనిలోకి వెళ్లకుండా నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. రంగారెడ్డి జిల్లాలో 1990ల నుంచి ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ నిర్వహించిన శిబిరాలు ఇటువంటి కృషికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చాయి. సంస్థకు నేతృత్వం వహించిన శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. వాడవాడా తిరిగే మనిషి, ఊరి వారితో ఏర్పడిన నమ్మకం ఆ కృషికి మూలధనం. విలీనాల్లో పద్దు ఒక శాఖ నుంచి మరో శాఖకు వెళుతుంది. ఆ మనిషి, ఆ నమ్మకం దానితో పాటు బదిలీ కావు.

పెరగని మొత్తమూ కోతే

కొన్ని కోతలకు ఉత్తర్వులు కూడా అక్కరలేదు. మధ్యాహ్న భోజన పథకంలో వంట కార్మికులకు కేంద్రం గుర్తించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. అదీ ఏడాదికి 10 నెలలే. ఈ మొత్తం 2009లో నిర్ణయమైంది. దేశవ్యాప్తంగా సుమారు 25 లక్షల మంది ఈ పనిలో ఉన్నారు. వారిలో అత్యధికులు మహిళలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ నిధుల నుంచి కలిపి దీనిని 3,000 రూపాయలకు పెంచాయి.

వంట సరుకుల ఖర్చుదీ ఇదే కథ. ప్రాథమిక పాఠశాల విద్యార్థి ఒక్కొక్కరికి రోజుకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలి. వీటికీ వంట చెరకు, ఇతర దినుసులకూ కలిపి 2022 అక్టోబరులో నిర్ణయించిన మొత్తం 5 రూపాయల 45 పైసలు. 2024 డిసెంబరులో 6 రూపాయల 19 పైసలకు పెంచేదాకా, అంటే రెండేళ్లకు పైగా, అదే కొనసాగింది. 2025 మే నుంచి అది 6 రూపాయల 78 పైసలు. మధ్యలో కందిపప్పు, కూరగాయల ధరలు పెరిగినప్పుడు ఆ భారం ఎక్కడ పడిందన్నది వంటశాలలో తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో చాలా పాఠశాలల్లో స్వయం సహాయక సంఘాల మహిళలే వంట ఏజెన్సీలుగా వ్యవహరిస్తారు. వారు ముందుగా కిరాణా దుకాణంలో అప్పుపై సరుకులు తెస్తారు. వండి వడ్డించిన తరువాత బిల్లు పెడతారు. బిల్లు మంజూరు కావడం ఆలస్యమైన ప్రతి నెలా ప్రభుత్వ పథకానికి పెట్టుబడి పెట్టేది ఆ మహిళలే. పద్దులో అది జాప్యంగా కూడా కనిపించకపోవచ్చు. వారి ఇంట్లో మాత్రం వడ్డీగా కనిపిస్తుంది.

ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనులో 60–79 ఏళ్ల వారికి కేంద్రం ఇచ్చే మొత్తం నెలకు 200 రూపాయలు. 2007లో పథకం ఈ పేరుతో ఆరంభమైనప్పుడూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, తెలంగాణలో 2,016 రూపాయలు కావడానికి కారణం ఆ రాష్ట్రాలు సొంత ఖజానా నుంచి కలపడమే. అంతగా కలపలేని రాష్ట్రంలోని వృద్ధురాలికి దాదాపు రెండు దశాబ్దాల ధరల పెరుగుదలే కోత.

బాధ్యత చేతులు మారినప్పుడు

కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 14వ ఆర్థిక సంఘం 32 శాతం నుంచి 42 శాతానికి పెంచింది. రాష్ట్రాల స్వేచ్ఛను పెంచిన ఈ సిఫార్సును విస్తృతంగా స్వాగతించారు. దాని వెంటే 2015–16 కేంద్ర బడ్జెట్‌లో కేంద్ర ప్రాయోజిత పథకాల కేటాయింపులు తగ్గాయి. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానికి అంతకుముందు ఏడాది బడ్జెట్‌లో 18,000 కోట్ల రూపాయల స్థాయిలో ఉన్న కేటాయింపు సగానికి దిగువకు చేరింది. ఏడాది మధ్యలో అనుబంధ కేటాయింపులతో దానిని పెంచవలసి వచ్చింది.

రాష్ట్రాలకు అదనపు నిధులు వచ్చిన మాట నిజం. అయితే అవి ఏ పద్దుకూ ముడిపడని నిధులు. రహదారికి, రుణమాఫీకి, అంగన్‌వాడీకి మధ్య పోటీ ఏర్పడినప్పుడు మూడేళ్ల పిల్లల తరఫున గట్టిగా అడిగేవారు తక్కువ. దేశంలోని సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాల్లో కార్యకర్తకు కేంద్ర నిబంధనల ప్రకారం ఉన్న గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250 రూపాయలు. ఆపై ఎంత కలపాలన్నది రాష్ట్రాల ఇష్టం. ఒకే పని చేసే ఇద్దరు కార్యకర్తల ఆదాయంలో వేల రూపాయల తేడా ఏర్పడటానికి ఇదే మూలం.

స్వచ్ఛంద సంస్థకు అందే దెబ్బ

ప్రభుత్వ యంత్రాంగం నేరుగా చేరుకోలేని వర్గాల కోసం స్వచ్ఛంద సంస్థలు పని చేస్తాయి. వాటికి నిధులు సాధారణంగా ప్రాజెక్టుల రూపంలో, గడువుతో వస్తాయి. ఆరు నెలల జీతాలకు సరిపడే నిల్వ ఉన్న చిన్న సంస్థలు అరుదు. అందుకే నిధులు ఆగిన నెలలోనే సేవలు ఆగుతాయి.

హైదరాబాద్‌లో 2021లో ఆరంభమైన మిత్ర్ క్లినిక్ ఇందుకు ఉదాహరణ. దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం, ప్రధానంగా ట్రాన్స్‌జెండర్ల చేతనే నడిచిన తొలి క్లినిక్‌గా అది పేరుపొందింది. సాధారణ వైద్యం, హెచ్‌ఐవీ పరీక్షలు, చికిత్స, హార్మోన్ చికిత్సపై సలహా, మానసిక ఆరోగ్య సేవలు అక్కడ అందేవి. అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ, యూఎస్‌ఎయిడ్, దీనికి ప్రధాన ఆధారం. 2025 జనవరి 20న బాధ్యతలు చేపట్టిన రోజునే అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ విదేశీ అభివృద్ధి సాయాన్ని 90 రోజులు నిలిపివేస్తూ ఉత్తర్వు జారీ చేశారు. కొద్ది రోజుల్లోనే పనులు ఆపాలన్న ఆదేశాలు అందాయి. హైదరాబాద్‌తోపాటు పుణె, కల్యాణ్‌లలోని ఇటువంటి క్లినిక్‌లూ మూతపడ్డాయి. మూడింటి నుంచి సేవలు పొందుతున్న దాదాపు 5,000 మందిపై ప్రభావం పడింది.

ఆ సేవలు పొందేవారు ప్రభుత్వాసుపత్రికి వెళ్లవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. చట్టప్రకారం వెళ్లవచ్చు. అయితే ఓపీ వరుసలో ఎదురయ్యే చూపులు, పేరు పిలిచినప్పుడు వినిపించే నవ్వులు అనేకమందిని ఆ గుమ్మం వరకూ రానీయవు. హెచ్‌ఐవీ మందులు క్రమం తప్పితే శరీరంలో వైరస్ మళ్లీ పెరుగుతుంది. అందువల్ల ఇక్కడ గౌరవంగా పలకరించే సిబ్బంది అదనపు సౌకర్యం కాదు, చికిత్సలో భాగమే. కొన్ని నెలల తరువాత దేశీయ దాతృత్వ నిధులతో హైదరాబాద్ క్లినిక్ సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో తిరిగి తెరుచుకుంది. పెద్ద నగరంలో, జాతీయ దృష్టిలో పడిన సంస్థకు లభించిన ఆ అవకాశం జిల్లా కేంద్రంలోని చిన్న సంస్థకు లభించడం కష్టం.

ఖాళీని ఎవరు పూరిస్తారు?

ప్రభుత్వం తప్పుకున్న చోట కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అంటే సీఎస్‌ఆర్, ఆదుకుంటాయన్న అభిప్రాయం ఉంది. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయికి మించిన నికర విలువ, టర్నోవరు లేదా లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని ఇందుకు ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. పరిశ్రమలున్న చోటికి ఈ నిధులు ఎక్కువగా వెళతాయి. పరిశ్రమలు లేని, అవసరం ఎక్కువగా ఉన్న జిల్లాలకు తక్కువగా చేరతాయి. భవనం, అంబులెన్సు, కంప్యూటర్ గది వంటి కంటికి కనిపించే పనులకు దాత సులభంగా దొరుకుతాడు. ఏడేళ్లుగా ఒకే వాడలో తిరుగుతున్న కార్యకర్త జీతానికి దొరకడు.

విదేశీ విరాళాల దారి కూడా ఇరుకైంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020లో సవరించారు. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. విరాళం పొందిన సంస్థ దానిని మరో సంస్థకు ఇవ్వరాదని నిషేధించారు. విదేశీ నిధుల దుర్వినియోగాన్ని అరికట్టి పారదర్శకతను పెంచడమే లక్ష్యమని ప్రభుత్వం ప్రకటించింది. గతంలో నగరంలోని పెద్ద సంస్థ నిధులు తెచ్చి, లెక్కల బాధ్యత తానే చూసుకుంటూ, పల్లెలోని చిన్న సంస్థకు పని అప్పగించేది. విదేశీ నిధుల విషయంలో ఆ మార్గం ఇప్పుడు లేదు.

సరిహద్దు అవతల ఇదే పాఠం

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో పది లక్షలకు మించిన రోహింగ్యా శరణార్థులు ఉన్నారు. వారికి పనిచేసే హక్కు లేనందున ఆహారానికి సాయమే ఆధారం. దాతలు తగ్గడంతో ప్రపంచ ఆహార కార్యక్రమం 2023లో నెలకు తలసరి 12 డాలర్ల రేషన్‌ను మొదట 10కి, తరువాత 8 డాలర్లకు తగ్గించింది. ఆ ఏడాది చివరికి పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం 15 శాతాన్ని దాటింది. 2017లో శరణార్థులు వెల్లువగా వచ్చిన నాటి తరువాత అదే అత్యధికం. 2024లో రేషన్‌ను దశలవారీగా పునరుద్ధరించారు.

2025 జూన్‌లో నిధుల కొరతతో యునిసెఫ్ అక్కడి అభ్యాస కేంద్రాలను తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. సుమారు 2,30,000 మంది పిల్లల చదువుకు అంతరాయం కలిగింది. 1,179 మంది స్థానిక ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. తరగతి లేని శిబిరంలో పిల్లలకు ఎదురయ్యేవి బాలకార్మికం, బాల్యవివాహం, అక్రమ రవాణా ముప్పులే. రేషన్‌ను తిరిగి పెంచవచ్చు. ఆ నెలల్లో చిక్కిపోయిన పసిబిడ్డ ఎదుగుదల, పెళ్లి చేసి పంపిన బాలిక చదువు పునరుద్ధరణకు లొంగవు.

ప్రభుత్వాల వాదనలో బలం ఎంత?

కోతలన్నీ అన్యాయమైనవని చెప్పడం సరికాదు. ఒకే సేవకు రెండు పథకాలు ఉండవచ్చు. ఖర్చు కాని నిధులు ఖాతాల్లో మురిగిపోవచ్చు. అక్రమాలు జరగవచ్చు. ప్రజాధనానికి జవాబుదారీతనం కోరడం ప్రభుత్వాల బాధ్యత. పశ్చిమ బెంగాల్‌లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకానికి 2022 మార్చి నుంచి నిధులు నిలిపివేసినప్పుడు కేంద్రం చూపిన కారణం కూడా అక్రమాలే.

ఆ కేసులో కలకత్తా హైకోర్టు 2025 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు ఈ చర్చకు ఉపయోగపడే గీత ఒకటి గీసింది. అక్రమాలపై విచారణ కొనసాగించవచ్చని, అవసరమైన షరతులు విధించవచ్చని కోర్టు చెప్పింది. పథకాన్నే నిరవధికంగా మూలన పెట్టడం చట్టం ఉద్దేశం కాదని పేర్కొంటూ, ఆగస్టు 1 నుంచి అమలు చేయాలని ఆదేశించింది. దీనిపై కేంద్రం చేసిన అప్పీలును సుప్రీంకోర్టు అక్టోబరులో తోసిపుచ్చింది. తప్పు చేసినవారిని శిక్షించడం వేరు, తప్పుతో సంబంధం లేని కూలీకి పని లేకుండా చేయడం వేరు అన్నది దీని సారాంశం. అప్పటికి మూడేళ్లకు పైగా గడిచిపోయాయి. ఆ మూడేళ్ల పనిదినాలను ఏ ఉత్తర్వూ తిరిగి ఇవ్వజాలదు.

బడ్జెట్‌లో ఏమి చూడాలి?

ఒక పథకం స్థితిని తెలుసుకోవడానికి ఫిబ్రవరి 1న వినిపించే ఒక్క అంకె చాలదు. బడ్జెట్ పత్రాల్లో ప్రతి పద్దుకూ మూడు అంకెలు ఉంటాయి. బడ్జెట్ అంచనా ప్రభుత్వం ప్రకటించిన ఉద్దేశాన్ని చెబుతుంది. సవరించిన అంచనా ఏడాది మధ్యలో మారిన మనసును చెబుతుంది. వాస్తవ వ్యయం నిజంగా జరిగినదాన్ని చెబుతుంది. మొదటి అంకెలో పెరుగుదల, మూడో అంకెలో తరుగుదల ఒకే పథకంలో కనిపించడం అసాధారణం కాదు.

వీటికి మరి కొన్ని ప్రశ్నలు జోడించాలి. తలసరి మొత్తం చివరిసారి ఏ సంవత్సరంలో పెరిగింది? నిధులు ఏ నెలలో విడుదలయ్యాయి? విలీనమైన పథకంలోని ఏ సేవలు కొత్త పథకంలో మిగిలాయి? నిలిపివేతకు ముందు లబ్ధిదారులకు ఎంత గడువు ఇచ్చారు? నిలిపివేసిన కాలంలో వారి బాధ్యత ఎవరిది? ఇందులో చాలా సమాచారం పార్లమెంటు ప్రశ్నోత్తరాల్లో, మంత్రిత్వ శాఖల స్థాయీ సంఘాల నివేదికల్లో, సమాచార హక్కు దరఖాస్తుల ద్వారా లభిస్తుంది. పాఠశాల యాజమాన్య కమిటీలు, గ్రామసభలు తమ ఊరి మేరకు ఇవే ప్రశ్నలు అడగవచ్చు.

ప్రభుత్వాల మధ్య వివాదాలకు న్యాయస్థానాలు ఉన్నాయి, ఆర్థిక సంఘాలు ఉన్నాయి, చర్చల వేదికలు ఉన్నాయి. అవి తేలడానికి సంవత్సరాలు పట్టడం సహజం. ఆ సంవత్సరాల్లో ఐదేళ్ల పిల్లవాడు ఎనిమిదేళ్ల వాడవుతాడు. ప్రవేశ తరగతి సీటు అతడికి ఇక వర్తించదు. తీర్పు రాష్ట్రానికి అనుకూలంగా వచ్చినా, కేంద్రానికి అనుకూలంగా వచ్చినా అతడి విషయంలో తేడా ఉండదు. నిధులు ఎవరు ఇవ్వాలన్న వివాదం తేలేలోగా ఆ పిల్లవాడి ఫీజు ఎవరు కట్టాలన్నది ముందే నిర్ణయించుకున్న వ్యవస్థలోనే, కోత ఖజానా లెక్కల దగ్గర ఆగి బడి గుమ్మం వరకు రాకుండా ఉంటుంది.